ఎర్లెన్‌టోర్‌లో వీధిపోటు

మా మామగారు శ్రీనివాసమూర్తి గారు జర్మనీ ఎప్పుడూ వెళ్ళలేదు. వెళ్ళే ఉద్దేశం కూడా లేదు. అక్కడ చలి ఎక్కువని ఆయన అభిప్రాయం. అయినా ఆ దేశంలో ఎర్లెన్‌టోర్ అనే చిన్న ఊరుందనీ, దాని కోటగోడ ఎనిమిది వందల ఏళ్ళ నాటిదనీ, దక్షిణపు కోటగుమ్మం పక్కింట్లో రొట్టెలు కాల్చే ఆయనకి ఏడుగురు కూతుళ్ళనీ, బావి ఆగ్నేయంలో తవ్వడం వల్లే 1512లో సగం ఊరు తగలబడిపోయిందనీ, క్రైస్ట్‌చర్చ్‌లో మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఎవరికైనా చెప్పగలరు. అడగకపోయినా చెబుతారు. కూర చల్లారిపోతున్నా చెబుతారు.

నేను ఆయన అల్లుణ్ణి. పేరు రవిచంద్ర, స్ట్రక్చరల్ ఇంజనీర్ని. 2011 భూకంపం తర్వాత ఈ ఊళ్ళో మళ్ళీ లేచిన మేడల్లో కొన్నింటికి స్తంభాలెంత లావుండాలో తేల్చింది నేనే. మా ఇంట్లో మాత్రం నా ఇంజనీరింగుకి పూచికపుల్ల విలువ లేదు. మామగారు కోనసీమలో పంచాయతీరాజ్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి ఏఈగా రిటైరయ్యారు. అక్కడ ఆయన కట్టించిన కల్వర్టుల కంటే ఆయన జరిపించిన గుమ్మాలే ఎక్కువ. వాస్తు చూపించుకోవడానికి పక్క మండలాల నుంచి కార్లేసుకుని వచ్చేవారట. మేం ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు ఆయన అమలాపురంలో కూర్చునే, వీడియో కాల్‌లో నా చేత దిక్సూచి పట్టించి, ఆరిళ్ళు తిప్పికొట్టారు. ఏడోదానికి ఈశాన్యం పెరిగిందని ఒప్పుకున్నారు. ఆ పెరిగిన ఈశాన్యం నిండా బ్లాక్‌బెర్రీ ముళ్ళకంప. ఆరేళ్ళుగా నరుకుతున్నాను, అదీ పెరుగుతూనే ఉంది.

ఈ దేశం వచ్చాక ఆయన్ని మొదట దెబ్బకొట్టింది సూర్యుడు. భూమధ్యరేఖకి దిగువ దేశం కాబట్టి ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. వంటింటి కిటికీలోంచి ఆ సంగతి గమనించిన రోజు ఆయన కాఫీ ముట్టలేదు. శాస్త్రాన్ని తిరగేయాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా అని పదిహేను రోజులు మథనపడి, తూర్పు తూర్పే కాబట్టి శాస్త్రం శాస్త్రమేనని తీర్పిచ్చారు. ఆ తీర్పు వచ్చేదాకా మంచాలు ఎటు తిప్పాలో తెలియక ఇంటిల్లిపాదీ హాల్లో పడుకున్నాం.

రెండో దెబ్బ మనుషులు లేకపోవడం. మా అత్తగారు సరోజ గారికి వారం తిరక్కుండా నలుగురు స్నేహితురాళ్ళూ రెండు వాట్సాప్ గ్రూపులూ కుదిరాయి. ఈయనకి ఒక్కరూ దొరకలేదు. కారు నడపడం రాదు, ఇక్కడేమో కారు లేనిదే అడుగు పడదు. పొద్దున్నే వీధి చివర డైరీకి వెళ్ళి పాలు తెచ్చేవారు. ఇక్కడ చిన్న కొట్టుని డైరీ అంటారు. ఆ కొట్టు గుజరాతీ ఆయనది, రెండు నిమిషాలు హిందీలో పలకరిస్తాడు. ఫ్రిజ్‌లో పాల డబ్బాలు పేరుకుపోయాయి. ఎందుకిన్ని పాలని నేను విసుక్కునేవాణ్ణి. ఒకరోజు తలుపు తీస్తే పదకొండు లీటర్లున్నాయి. ఆయన కొనుక్కుంటున్నది పాలు కాదని నాకు అర్థం కావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంజనీర్ని కదా.

అప్పుడు ఆయన్ని గ్రాహం దగ్గరికి తీసుకెళ్ళాను. గ్రాహం మా ఆఫీసులో ఒకతని తండ్రి, రిటైరైన ప్లంబరు. చర్చి హాలు వెనక ఒక షెడ్డులో బొమ్మరైళ్ళ క్లబ్బు నడుపుతాడు. పదకొండు మంది పెద్దవాళ్ళు, ఒక హీటరు, గది నిండా బల్ల, బల్ల నిండా పట్టాలు. వాళ్ళ లోకం రైళ్ళు. ఏ ఇంజను ఏ ఏడాదిలో ఏ రంగు వేసుకుందో చెప్పగలరు గానీ, ఆ రైలు ఎక్కడికి పోతుందో ఎవరికీ పట్టదు. బల్ల మధ్యలో ప్లైవుడ్ దిబ్బ ఒకటి, చుట్టూ బొమ్మ కోటగోడ, లోపల బోడిగా ఉండేది. రైలు దాని చుట్టూ తిరిగి వచ్చేది.

ఆ దిబ్బ మీద రావలసిన ఊరే ఎర్లెన్‌టోర్. ఒట్టో అనే జర్మన్ పెద్దాయన తన భార్య ఇల్సె పుట్టిన ఊరిని ఎనభై ఏడో వంతు సైజులో కట్టడం మొదలుపెట్టి, కోటగోడ పూర్తయ్యేసరికి పోయాడు. గోధుమరంగు కాగితం మీద నలభై నాలుగు ఇళ్ళ ప్లాను, నంబర్లతో సహా, మిగిలింది. ఇల్సె మాత్రం ప్రతి శనివారం కేకు తీసుకుని క్లబ్బుకి వస్తూనే ఉంది. అప్పటికి ఎనభై ఆరేళ్ళు. చూపు మధ్యలోంచి పోతోంది. మొహం వైపు చూస్తే మొహం కనబడదు, చెవులు కనబడతాయని నవ్వుతూ చెప్పేది.

మొదటి శనివారం మామగారు చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు. తర్వాత జేబులోంచి దిక్సూచి తీసి, ప్లాను మీద పెట్టి, నిట్టూర్చారు. కోటగుమ్మం దక్షిణాన ఉందనీ, బావి ఆగ్నేయంలో ఉందనీ సభకి తెలియజేశారు. పన్నెండో శతాబ్దం నుంచీ అలాగే ఉందని గ్రాహం మర్యాదగా జవాబిచ్చాడు. ఊరు ఎప్పుడైనా తగలబడిందా అని మామగారు అడిగారు. మూల కుర్చీలోంచి ఇల్సె, తగలబడిందని చెప్పింది. అంటురోగాలు? వచ్చాయి, మూడుసార్లు. యుద్ధం? స్వీడన్ సైన్యం వచ్చి పశువుల్నీ చర్చి గంటల్నీ తోలుకుపోయింది. ప్రతిదానికీ మామగారు నాడి చూసే వైద్యుడిలా తలూపారు. నేను సిగ్గుతో చచ్చిపోయి పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇల్సె మాత్రం కుర్చీ లాక్కుని ఆయన పక్కకి వచ్చి కూర్చుంది. ఒట్టో పోయాక ఆ ఊరి కష్టసుఖాలు అడిగిన మొదటి మనిషి ఈయనేనట.

ఆ రోజే ఇళ్ళు తను కడతానని మామగారు మాటిచ్చేశారు. ఇల్సె ఆయన్ని హెర్ మూర్తి అనేది. హెర్ అంటే గారు. క్లబ్బులో తక్కినవాళ్ళు శ్రీని అని పిలుస్తారు, ఆయన పళ్ళు బిగించి ఓర్చుకుంటారు. ఈ దేశంలో తనకి గారు తగిలించిన పరాయి మనిషి ఆవిడొక్కతే. ఆయన ఆవిణ్ణి ఇల్సమ్మగారు అనేవారు.

శనివారాలు ఆవిడ చెప్పడం, ఈయన కట్టడం. ఆ ఊరి ఇళ్ళకి మొదట కర్రల చట్రం నిలబెడతారట. చట్రం మధ్య ఖాళీల్లో పుల్లలు అల్లి, గడ్డీ పేడా కలిపిన మట్టి మెత్తుతారట. ఇది మన దడిగోడే కదా అని మామగారు ఇంటికొచ్చి మురిసిపోయారు. పై అంతస్తు కింది దానికంటే మూరెడు ముందుకు పొడుచుకొస్తుంది, దాని పైది ఇంకో మూరెడు. ఎదురెదురు ఇళ్ళ వాళ్ళు పైకిటికీల్లోంచి ఉప్పూ పంచదారా ఇచ్చిపుచ్చుకోవచ్చు. కుండలు చేసేవాళ్ళకో వీధి, ఇనుప పనివాళ్ళకో వీధి, తోళ్ళ పనివాళ్ళకి ఊరికి దూరంగా ఏటి ఒడ్డున ఇంకో వీధి. అన్ని వీధులూ వంకరే, గాలి ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకి తిన్నగా కొట్టకుండా. ఒక్క కోటవీధి మాత్రం దక్షిణపు గుమ్మం నుంచి ఊరి అవతలి చివరదాకా గీత గీసినట్టు ఉంటుంది.

ఆయనకి అన్నిటికంటే నచ్చింది వడ్రంగుల పద్ధతి. ప్రతి దూలం మీదా ఉలితో గాట్లు పెట్టి గుర్తులు వేసేవారట. నేలమీద ఇల్లంతా ఒకసారి బిగించి చూసుకుని, విప్పి, గుర్తుల ప్రకారం మళ్ళీ నిలబెట్టేవారు. అందుకని ఆ కాలంలో కర్ర ఇల్లు స్థిరాస్తి కాదట, బండీ మంచంలాంటి సామానేనట. ఊరు నచ్చకపోతే విప్పుకుని, బండ్లకెత్తుకుని పోవచ్చు. ఇక్కడ కూడా చెక్క ఇళ్ళని లారీ మీదకెక్కించి ఊళ్ళు దాటిస్తారు, ఆయన కళ్ళారా చూశారు. స్థలం బాగాలేకపోతే ఇల్లు జరిపే సదుపాయం రెండు దేశాల్లో ఉందనీ, మన దగ్గరే లేదనీ, ఉంటే కోనసీమ ఎప్పుడో బాగుపడేదనీ అన్నారు.

కర్రలకి అగరుబత్తి పుల్లలు వాడారు. పుల్లల కోసం రోజుకో పాకెట్టు వెలిగించేవారు. ఆయనకి ఇన్నాళ్ళకి భక్తి కుదిరిందని అత్తయ్యగారు పొంగిపోయారు. స్మోక్ అలారం మోగి మా ఆవిడ హిమజ పరిగెత్తుకొచ్చాక అసలు సంగతి బయటపడింది. గోడల మట్టి మా పెరట్లోదే. అందులోకి గడ్డి కావాలి, గడ్డి సన్నగా ఉండాలి, దానికి మా మిక్సీ ఉంది. హిమజ తండ్రితో రెండు రోజులు మాట్లాడలేదు. నేను కొత్త మిక్సీ కొన్నాను, పాతది ఎర్లెన్‌టోర్ మున్సిపాలిటీకి అప్పగించాం. ఊరి నడిమధ్య చదునులో రాళ్ళు పరచడానికి ఆవాలు అతికించి బూడిదరంగు వేశారు. ఆ ఊళ్ళో పెంకులు కింది అంచు గుండ్రంగా ఉంటాయట. ఎర్ర కందిపప్పు సరిగ్గా సరిపోయింది. ఇంటికి మూడు వేల బద్దలు, వరస మీద వరస, పట్టకారుతో. పప్పులోకి లేదు గానీ కప్పులోకి మాత్రం ఉందని అత్తయ్యగారు పోపు వేస్తూ గొణిగేవారు.

ఏడాదిలో నలభై మూడిళ్ళు లేచాయి. ఫ్రిజ్‌లో పాలు మామూలు లెక్కకి వచ్చాయి.

అప్పుడే ఇల్సె కొడుకు ఆవిణ్ణి పెర్త్‌లో తన దగ్గరికి తీసుకుపోవడానికి మార్చి నెలాఖరుకి టిక్కెట్టు కొన్నాడు. ఆవిడ జర్మనీ వెళ్ళి అరవై ఏళ్ళు దాటింది, ఇక వెళ్ళేది లేదు. చూపు కూడా అంచులకే మిగిలింది. ఆవిడ క్లబ్బుని కోరింది ఒక్కటే. వెళ్ళేలోపల, ఒక్కసారి, కోటగుమ్మం దగ్గర్నుంచి తన ఇంటిదాకా వేలితో నడిచి వెళ్ళాలి. కళ్ళు పోయినా వేలుంది కదా అంది. మామగారు సరేనని తలూపి, కనబడదని గుర్తొచ్చి, పైకి కూడా చెప్పారు.

మిగిలింది నలభై నాలుగో నంబరు. అది ఆవిడ పుట్టిల్లు. ఒట్టో ప్లానులో ఆ ఇల్లు కోటవీధి చివర, వీధికి అడ్డంగా, గుమ్మం దక్షిణానికి పెట్టుకుని ఉంది. కోటగుమ్మంలోంచి వచ్చిన వీధి ఎక్కడా ఆగకుండా వచ్చి ఆ ఇంటి గడపని గుద్దుకుంటుంది. దక్షిణ ముఖం, పైగా వీధిపోటు. తెలుగువాడెవడూ ఆ స్థలం ఊరికే ఇచ్చినా తీసుకోడు.

ఆ వారమంతా మామగారికి అన్నం సయించలేదు. ఇల్లు కట్టడం మాత్రం కట్టారు. ఊళ్ళోకెల్లా అందమైన ఇల్లు అది. ప్రతి పుల్ల మీదా వడ్రంగి గుర్తు, కిటికీలకి ఆకుపచ్చ రెక్కలు. శుక్రవారం సాయంత్రం దాన్ని ఒళ్ళో పెట్టుకుని నా కారులో కూర్చున్నారు. దారిలో ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు నోరు తెరిచారు.

"రవిబాబూ, ఆవిడ మొగుడు పోయిన మనిషి. కళ్ళు పోతున్నాయి. ఉన్న ఊరు కూడా వదిలేస్తోంది. నా చేత్తో తీసుకెళ్ళి మళ్ళీ ఆ వీధిపోటులో కూర్చోబెట్టమంటారా?"

నేను గట్టిగా ఒక మాట చెప్పవలసింది. ఆ రోజు ఆఫీసులో తలనొప్పి, లైటు పచ్చగా మారింది. మీ ఇష్టం మామయ్యగారూ, నాలుగంగుళాల తేడా ఎవరికి తెలుస్తుందన్నాను. స్తంభం నాలుగంగుళాలు జరిగితే కాంట్రాక్టరు మీద ఎగిరిపడే మనిషిని నేను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఆయన ఆ సాయంత్రమే ఇంటిని వీధికి ఎడమ పక్క, చివరనుంచి రెండో స్థలంలో, తూర్పు ముఖంగా పెట్టి, ఆ స్థలానికి అనుకున్న గడ్డివామిని దిబ్బ వెనక్కి పంపేసి, గట్టి జిగురుతో అంటించేశారు. వీధి చివర ఖాళీలో లిండెన్ చెట్టు ఒకటి నాటి, కింద బెంచీ వేశారు. చెట్టుకి వీధిపోటు దోషం లేదట. క్లబ్బులో ఎవరూ గమనించలేదు. వాళ్ళు రైలుకి పట్టాలు మార్చే మోటారు రిపేరు చేసుకుంటున్నారు.

మార్చి చివరి శనివారం ఇల్సమ్మగారు నీలం కోటు వేసుకుని వచ్చింది. జుట్టు కొత్తగా కత్తిరించుకుంది. ఆవిడ కోసం మొదటిసారి రైళ్ళన్నీ ఆపేశారు. రైలు ఆగితే ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మామగారు ఆవిడ ఎడమ చెయ్యి పట్టుకుని, కుడి చూపుడువేలిని కోటగుమ్మం దగ్గర ఆనించారు.

వేలు లోపలికి నడిచింది. గుమ్మం మీది కాపలాగదిని తడిమి, కాపలావాడు రోజూ తాగేవాడని చెప్పింది. రొట్టెల ఇంటి ముందు ఏడు బియ్యపు గింజల్ని లెక్కపెట్టింది. మామగారు ఆ కూతుళ్ళకి మొహాలు కూడా గీశారు. ఏడుగురూ ఉన్నారా అని ఆవిడ నవ్వితే అందరూ నవ్వారు. ఆవాల రాళ్ళ మీద వేలు ఆనించి, సరిగ్గా ఇలాగే గుచ్చుకునేవి, చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్ళమంది. బావి దాటింది. కోటవీధి మీద తిన్నగా నడిచింది. మొహం విచ్చుకుంటూ ఉంది.

వీధి చివర వేలు చెట్టుకి తగిలింది.

కాసేపు అక్కడే ఆకుల్ని తడిమి, మళ్ళీ కోటగుమ్మం దగ్గరికి వెళ్ళింది. రొట్టెల ఇల్లు, రాళ్ళు, బావి, వీధి. చెట్టు. మూడోసారి మరీ నెమ్మదిగా, ఒక్కో ఇంటి పేరూ పెదవులతో అనుకుంటూ వచ్చింది. మళ్ళీ చెట్టు.

గ్రాహం కిటికీ వైపు తిరిగిపోయాడు. అతని ఇల్లు ఏవన్ నది పక్క పేటలో ఉండేది. భూకంపానికి అక్కడ నేల మెత్తబడిపోతే ఇళ్ళన్నీ తీయించేశారు, చెట్లు మాత్రం ఉంచారు. ఇప్పటికీ అక్కడ రోడ్డుంటుంది, ఎవరో పెంచుకున్న నిమ్మచెట్టుంటుంది, ఇల్లుండదు. ఆ షెడ్డులో సగం మంది ఆ పేట వాళ్ళే. ఇంటి చోట చెట్టు తగలడమంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇల్సమ్మగారు వేలు తీసేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఇళ్ళు చక్కగా ఉన్నాయని మామగారికి థాంక్స్ చెప్పింది. తర్వాత మెల్లగా అంది.

"కళ్ళతో పాటు ఇదీ పోయిందన్నమాట. మా ఇంటికి దారి మరిచిపోయాను."

ఎవరికీ ఏం తెలియదు. తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఆయన ఊరుకుంటే అది అలాగే అయిపోయేది. ఆవిడ పెర్త్ వెళ్ళిపోయేది, ఈయన శనివారాలు ఈయనకి మిగిలేవి. నిజం చెబితే ఆ పదకొండు మంది మొహాలు మళ్ళీ ఎలా చూస్తారు? నేను పిరికివాణ్ణి, చెప్పకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. మామగారు నా వైపు చూడను కూడా చూడలేదు. ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. డెబ్భై ఏళ్ళకి దగ్గరపడిన మనిషి, కీళ్ళ నొప్పులున్నాయి.

"మీరేం మరిచిపోలేదమ్మా. ఇల్లు నేను జరిపాను."

ఆ తర్వాత ఆయన తన ఇంగ్లీషులో వీధిపోటు వివరించారు. ఇంగ్లీషులో వీధిపోటు వివరించడం ఎవరి వల్లా కాదు. ఆవిడ చేతికర్రని వీధిలా పట్టుకుని, గ్రాహం పొట్టని ఇంటిలా ఊహించుకుని, రెండుసార్లు పొడిచి చూపించారు. రోజూ, ప్రతి నిమిషం, వీధంతా వచ్చి ఇలా ఇంటి మీద పడుతుందన్నారు. బ్రేకుల్లేని లారీ లాంటిదా అని గ్రాహం పొట్ట తడుముకుంటూ అడిగాడు. సరిగ్గా అదేనన్నారు మామగారు. అలాంటి ఇంట్లో ఆవిణ్ణి పెట్టడానికి చేతులు రాలేదని చెప్పి, తల దించుకున్నారు.

ఇల్సమ్మగారు మొహం పక్కకి తిప్పి, చూపు అంచుతో ఆయన్ని చూడ్డానికి ప్రయత్నించింది.

"యుద్ధమయ్యాక నాలుగేళ్ళు మా నాన్న రష్యాలో ఖైదీ. నేను పై కిటికీలో కూర్చునేదాన్ని. ఒకరోజు కోటగుమ్మంలో పుల్లలాంటి మనిషి కనబడ్డాడు. వీధంతా నడిచి వచ్చాడు, ఎవరూ గుర్తుపట్టలేదు. నేను గుర్తుపట్టాను. హెర్ మూర్తి, వీధి తిన్నగా మా ఇంటికి రాబట్టే నేను ఆయన్ని అంత దూరాన్నుంచి చూడగలిగాను."

మామగారి శాస్త్రంలో దానికి జవాబు లేదు. అలా జరగడం నేను మొదటిసారే చూశాను. అంత బాధలోనూ నా మనసులో ఒక మూల చిన్న సంతోషం కలిగింది. దాచుకోను.

అప్పుడు ఆవిడకి ఇంకేదో గుర్తొచ్చింది. తన ఇంటి గుమ్మం మీద చెక్కతో చెక్కిన మొహం ఒకటి ఉండేదట. మిటకరించిన కళ్ళు, బయటికి చాపిన నాలుక, చూపు తిన్నగా వీధి మీదే. ఏటా వాళ్ళమ్మ స్టూలెక్కి దానికి అవిసె నూనె రాసేది. ఎందుకని అడిగితే, వీధిలోంచి వచ్చే చెడు వచ్చిన దారినే పోవడానికనేదట. ఎన్నో ఏళ్ళుగా ఆ మొహం తలపుకే రాలేదంది. చిన్నదని ఒట్టో ప్లానులో వెయ్యలేదు.

మామగారు మోకాళ్ళ మీంచి లేచారు. కీళ్ళ నొప్పులు ఏమయ్యాయో తెలియదు. దిష్టిబొమ్మ, దిష్టిబొమ్మ అని తెలుగులోనే నాకు చెప్పారు, నాకేదో తెలియనట్టు. నాలుగొందల ఏళ్ళ క్రితమే వాళ్ళు పరిహారం చేసేసుకున్నారన్నారు. ఈ సంగతి ఏడాది క్రితమే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని ఆవిణ్ణి కోప్పడ్డారు కూడా. ఆవిడ తప్పు ఒప్పుకుంది.

ఆ తర్వాత పది నిమిషాలు ఆ షెడ్డులో జరిగింది నేను ఏ కన్‌స్ట్రక్షన్ సైటులోనూ చూడలేదు. రైళ్ళు తప్ప పట్టని పదకొండు మందీ ఊరి మీద పడ్డారు. గ్రాహం చెట్టుని కుళాయి విప్పినట్టు మెలితిప్పి పీకాడు. ఇల్లు మాత్రం గట్టి జిగురుకి కదల్లేదు. ఒకరు కత్తి అన్నారు, ఒకరు వేడినీళ్ళన్నారు, ఒకాయన హీటరే ఎత్తుకొచ్చాడు. చివరికి నా ఇంజనీరింగు అవసరం పడింది. ఏ పుల్ల మీద బరువుందో, ఏ పుల్ల మీద లేదో చెప్పమన్నారు. చెప్పాను. మామగారు నేను చెప్పినట్టే కోశారు, పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. మూడు పుల్లలు విరిగాయి, పిడికెడు కందిపప్పు రాలింది, ఇల్లు ఊడింది. తీసుకెళ్ళి వీధి చివర, దక్షిణ ముఖంగా, వీధికి ఎదురుగా నిలబెట్టారు.

మొహం చెక్కడానికి టైము లేదు. మామగారు చొక్కా జేబులో దగ్గుకి లవంగాలు పెట్టుకుంటారు. ఒకటి తీసి నోటితో కొరకబోయి, ఎంగిలవుతుందని ఆగి, గోళ్ళతో తుంచారు. లవంగం తలకాయ గుమ్మం మీద అంటించి, సూదితో రెండు కళ్ళు గుచ్చారు. నాలుక సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఇల్సమ్మగారు మళ్ళీ కోటగుమ్మం దగ్గర వేలు పెట్టింది. ఈసారి రొట్టెల ఇంటి దగ్గర ఆగలేదు, బావి దగ్గర ఆగలేదు. వీధంతా ఒక్క ఊపున వచ్చింది. వేలు గడప మీద ఆగింది. పైకి తడిమి, లవంగాన్ని తాకి, ఆ వేలిని వాసన చూసుకుంది. తర్వాత అగ్గిపెట్టెలో సగం కూడా లేని ఆ తలుపు మీద గోటితో రెండుసార్లు తట్టింది.

మాలో ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. మామగారు మాత్రం ఆవిడ మీదకి వంగి, అమలాపురంలో తన ఇంటి లోపల్నుంచి పలికినంత మామూలుగా, తెలుగులో అన్నారు.

"తలుపు తీసే ఉంది. రామ్మా."

ఆవిడకి తెలుగు ముక్క రాదు. తలూపి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంది.